దేవత చెయ్యి పట్టి లాగిన పిల్ల: ‘రెబెలియన్’ మీద తెగని పంచాయితీ

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ముగింపులన్నీ బయటపెడతాను. జపాన్ అనిమే (బొమ్మల సీరియల్) ‘మడోకా మాగికా’ ఇంకా చూడనివాళ్ళు 12 ఎపిసోడ్ల సీరియల్, ఆ తర్వాత 2013లో వచ్చిన ‘రెబెలియన్’ సినిమా చూసి రండి. అంతా కలిపినా ఏడు గంటలు పట్టదు. చూసినవాళ్ళకి నేను దేని గురించి మాట్లాడబోతున్నానో ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. ఆ చివరి ఇరవై నిమిషాలు.

అనిమే అభిమానులు పోట్లాడుకోని సినిమా అంటూ ఏదీ ఉండదు. బొమ్మలు బాలేవనో, మాంగాలో (అసలు కామిక్స్‌లో) ఉన్న సీను ఎగరగొట్టారనో ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ‘రెబెలియన్’ గొడవ ఆ బాపతు కాదు. బొమ్మల సంగతికొస్తే, యుకి కజియురా సంగీతం సంగతికొస్తే, తిట్టేవాళ్ళు కూడా దాదాపుగా ఒప్పేసుకుంటారు. తెగనిది ఒక్కటే: దేవత అయిపోయిన నేస్తం మడోకాని కిందికి లాగిన హోమురా అనే పిల్ల చేసింది ప్రేమా, ద్రోహమా? అసలు కథకి ఇంతకన్నా న్యాయమైన కొనసాగింపు లేదని ఒకరంటే, ఆ సినిమా రాలేదనే అనుకుని బతుకుతున్నామని ఇంకొకరంటారు. ఇద్దరూ సీరియల్‌ని ప్రాణంగా చూసుకున్నవాళ్ళే. చిక్కు అక్కడే ఉంది.

నాకు తోచింది ఇది: అభిమానులు 2011లోనే, సీరియల్ అయిపోయిన రోజే రెండుగా చీలి ఉన్నారు. పక్కపక్కన కూర్చుని ఒకే ముగింపుకి ఏడ్చారు కాబట్టి ఆ సంగతి వాళ్ళకి తెలియలేదు. సినిమా వచ్చి ఎవరు దేనికి ఏడ్చారో అడిగింది.

చిలకలో ప్రాణం

2011 జనవరిలో జపాన్ టీవీలో అర్ధరాత్రి దాటాక ఒక కొత్త సీరియల్ మొదలైంది. పోస్టరు మీద గులాబీ రంగు జుట్టు పిల్ల, పక్కన పిల్లిలాంటి తెల్లటి జంతువు. మాయాశక్తులున్న ఆడపిల్లల కథలు జపాన్‌కి 1966 నుంచీ అలవాటు. 1992లో ‘సెయిలర్ మూన్’ వచ్చాక ప్రపంచానికీ అలవాటయ్యాయి. మెరుపుల మధ్య బట్టలు మారిపోవడం, ముద్దుగా మాట్లాడే జంతువు, స్నేహం, చివర్లో గెలుపు. దర్శకుడు అకియుకి షింబో 2004లో ‘లిరికల్ నానోహా’ మొదటి సీరియల్ తీసినవాడే, ఈ వంటకం దినుసులన్నీ తెలిసినవాడు. ఉమే అవోకి గీసిన గుండ్రటి మొహాలు చూస్తే చంటిపిల్లల కార్యక్రమం అనిపిస్తుంది. కథ రాసిన గెన్ ఉరోబుచి పేరు తెలిసినవాళ్ళకి మాత్రం అప్పుడే అనుమానం వచ్చింది. ఆయన పాత్రలు సుఖపడిన దాఖలాలు తక్కువ.

మూడో ఎపిసోడ్లో మాయాశక్తులున్న పెద్ద పిల్ల మామి తల తెగిపోయింది. అక్కడితో అందరూ సర్దుకుని కూర్చున్నారు.

ఒప్పందం పైకి తేలిగ్గానే ఉంటుంది. క్యూబే అనే ఆ జంతువు ఒక కోరిక, ఏదైనా సరే, తీరుస్తాడు. బదులుగా ఆ పిల్ల మంత్రగత్తెలతో పోరాడాలి. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నవి తర్వాత తెలుస్తాయి. సంతకం పెట్టగానే పిల్ల ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి ఒక రత్నంలో పెడతాడు. మర్రితొర్రలో చిలక, చిలకలో ప్రాణం అని మన అమ్మమ్మలు చెప్పిన మాయల ఫకీరు తెలివిగా తన ప్రాణాన్ని దూరంగా దాచుకున్నాడు. ఇక్కడ పిల్లలకి ఆ తెలివి లేదు, చిలకని వేలికి ఉంగరంగా పెట్టుకుని తిరుగుతారు. దిగులు పెరిగేకొద్దీ రత్నం నల్లబడుతుంది. పూర్తిగా నల్లబడ్డ రోజు ఆ పిల్లే మంత్రగత్తె అవుతుంది. అంటే ఇవాళ వీళ్ళు చంపుతున్న ప్రతి మంత్రగత్తె నిన్నటి పిల్లే. ఆ మారే క్షణంలో పుట్టే శక్తి కోసమే క్యూబే జాతి ఈ వ్యాపారం పెట్టింది. విశ్వం చల్లారిపోకుండా ఆపడానికట. వాడు అబద్ధం ఆడడు. అడగనిది చెప్పడు, అంతే. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నవాళ్ళని చూసిన ఊళ్ళో పుట్టినవాళ్ళకి క్యూబే గురించి ఇంతకన్నా వివరించక్కర్లేదు.

ఇక హోమురా. మొదటి ఎపిసోడ్లో రాయిలాంటి మొహంతో బడిలో చేరిన ఈ పిల్ల ఎవరో పదో ఎపిసోడ్‌దాకా చెప్పరు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన, కళ్ళజోడు, రెండు జడల బెదురుగొడ్డు పిల్ల. మొదటి స్నేహితురాలు మడోకా. ఆ మడోకా కళ్ళముందే చచ్చిపోతే హోమురా కోరుకున్నది ఇది: మళ్ళీ మొదటిసారి కలవాలి, ఈసారి నేను తనని కాపాడాలి. కాలం వెనక్కి తిరుగుతుంది. మళ్ళీ ఓడుతుంది. మళ్ళీ తిప్పుతుంది. ఎన్నిసార్లో ఆవిడే లెక్క మర్చిపోయింది. తిప్పినకొద్దీ ఆ దారాలన్నీ మడోకా చుట్టూ బిగుసుకుని, మామూలు పిల్లని విశ్వాన్నే మార్చగలిగే శక్తిగా చేస్తాయి. కాపాడబోయి హోమురాయే మడోకాని దేవత కాగలిగే ఎత్తుకి ఎక్కించింది. ఈ వెక్కిరింత గుర్తుపెట్టుకోండి, సినిమాకి పనికొస్తుంది.

చివరికి మడోకా అంతా తెలుసుకుని, తెలిసే సంతకం పెడుతుంది. గతంలో, వర్తమానంలో, భవిష్యత్తులో మంత్రగత్తెలు పుట్టకముందే తన చేతులతో తుడిచేయాలని ఆవిడ కోరిక. ఆ కోరికతో మనిషిగా ఉండటం పోయి ఒక నియమం అయిపోతుంది. ఏ పిల్ల రత్నం నల్లబడినా ఆ నియమం వచ్చి శాంతిగా తీసుకుపోతుంది. కథలో దాని పేరు చక్ర నియమం. మడోకా అనే మనిషి మాత్రం అసలు పుట్టనట్టే. కన్నతల్లికీ గుర్తులేదు. చంటి తమ్ముడు మాత్రం ఇసకలో బొమ్మ గీసి మడోకా అంటాడు. మొత్తంగా గుర్తున్నది హోమురా ఒక్కదానికే, చేతిలో మడోకా ఇచ్చిన ఎర్ర రిబ్బన్‌తో.

ఈ ముగింపు జపాన్లో ఎప్పుడు ప్రసారమైందో కూడా చూడాలి. 2011 మార్చి 11న భూకంపం, సునామీ. చివరి రెండు ఎపిసోడ్లు ఆగిపోయాయి. ఏప్రిల్ మూడోవారం దాటాక రెండూ ఒకే రాత్రి వచ్చాయి. పదకొండో ఎపిసోడ్లో తుపాను వచ్చిందని ఊరంతా తలదాచుకునే శిబిరంలో చేరే సీను ఉంది. అది భూకంపానికి ముందే రాసుకున్నది. నిజంగానే శిబిరాల్లో జనం ఉన్న ఆ నెలలో ‘ఆశ పెట్టుకోవడం తప్పని ఎవరైనా అంటే, కాదని నేను ఎన్నిసార్లైనా చెప్తాను’ అనే పిల్ల మాట టీవీలో వినిపించింది. ఆ ముగింపుని చాలామంది గుడిలా చూసుకున్నారంటే ఆశ్చర్యం లేదు. గుడి అయిపోయినదాన్ని తర్వాత ఎవరు ముట్టుకున్నా గొడవే.

ఒకే ముగింపు, రెండు ఏడుపులు

మడోకా పక్కన నిలబడి చూస్తే ఆ ముగింపు మోక్షం. ఎన్నో వేల ఏళ్ళుగా మోసపోయిన పిల్లలందరి కన్నీళ్ళూ ఒక పిల్ల తుడిచింది. ఏమీ చేతకానిదాన్ని అని మొదటినుంచీ తనని తాను తక్కువ చేసుకున్న పిల్లకి అంతకన్నా పెద్ద గెలుపు ఏముంటుంది?

హోమురా పక్కన నిలబడితే? ఒక్క మనిషిని కాపాడటానికి ఆవిడ లెక్కలేనన్నిసార్లు బతుకు మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి ఆ మనిషి చావలేదు సరే, అసలు ఉనికే లేదు. అందరికీ దేవత దక్కింది, ఆవిడకి మనిషి పోయింది. పైగా తను ఏడుస్తున్నది ఎవరి కోసమో చెప్పుకుందామన్నా నమ్మేవాళ్ళు లేరు.

ఆ రాత్రి ఏడ్చినవాళ్ళలో కొందరివి ఆనందబాష్పాలు, కొందరివి చావింటి కన్నీళ్ళు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

మనకి ఇది కొత్తేం కాదు. రామాయణ పారాయణం పట్టాభిషేకంతో ముగించి హారతిచ్చేసే ఇళ్ళు ఎన్నో. ఆ తర్వాత సీతని అడవికి పంపే కథ ఉందని తెలియక కాదు, అది వినలేక. అంతటి తిక్కన ఉత్తర రామాయణం రాయడానికి కూర్చుని కూడా రామనిర్యాణం దాకా వెళ్ళకుండా కలం పెట్టేశాడు. పట్టాభిషేకం తర్వాత కథ చెప్తానన్నవాడు ఏదో ఒకటి పాడుచెయ్యక తప్పదు. లేకపోతే చెప్పడానికేం ఉండదు.

ఇక్కడ ‘ఎవాంగెలియాన్’తో పోలిక చాలామంది తెస్తారు. 1996లో ఆ టీవీ సీరియల్ అర్ధాంతరంగా ఆగినట్టు ముగిస్తే జనం మండిపడ్డారు, 1997 జులైలో సినిమా వచ్చి ఇంకో ముగింపు ఇచ్చింది. అక్కడ అడిగింది ప్రేక్షకులు, ముగింపు చాలలేదని. ‘మడోకా’కి ముగింపు చాలింది. కడుపునిండా తిని చెయ్యి కడుక్కున్నవాళ్ళ ముందు ఇంకో విస్తరి వేశారు.

ఆ సినిమాలో అసలేం జరిగింది

2012 అక్టోబరులో సీరియల్‌నే రెండు సినిమాలుగా కుదించి వదిలారు. వాటితో పేచీ ఏమీ లేదు. కొత్త కథ 2013 అక్టోబరు 26న వచ్చింది. జపనీస్ పేరులోనే తిరుగుబాటు అనే మాట ఉంది. ఎవరు ఎవరి మీద అని మాత్రం లేదు.

మొదటి అరగంట పండగ. అయిదుగురు పిల్లలూ బతికే ఉన్నారు, కలిసి పీడకలల్ని పట్టుకుంటున్నారు, కేకు పాట పాడుకుంటున్నారు. హోమురాకి మళ్ళీ కళ్ళజోడు, జడలు వచ్చేశాయి. ఈ భాగం సాగతీత అని కొందరి ఫిర్యాదు. నేనైతే అంత ఆనందం చూస్తుంటేనే భయమేసింది. తర్వాత హోమురాకి అనుమానం వస్తుంది, ఆ అయిదుగురిలో ఒకరైన క్యోకోని వెంటబెట్టుకుని పక్క ఊరి బస్సెక్కుతుంది, బస్సు ఆ ఊరు చేరదు. ఈ ఊరు ఎవరో మంత్రగత్తె కడుతున్న కల. ఆ మంత్రగత్తె కోసం వెతికి వెతికి, వెతుకుతున్నది తననే అని తెలుసుకుంటుంది.

క్యూబే జాతి హోమురా రత్నాన్ని నల్లబడుతుండగా ఒక అడ్డుగోడలో బంధించింది. చక్ర నియమం లోపలికి రావాలంటే ఏదో ఒక రూపంలో రావాలి. వస్తే కనిపెట్టచ్చు, కనిపెడితే లొంగదీయచ్చు. ప్రయోగశాల అన్నమాట. అది తెలిసిన హోమురా మడోకాని వాళ్ళకి దొరకనివ్వకూడదని మంత్రగత్తెగా మారి అక్కడే చచ్చిపోవాలనుకుంటుంది. స్నేహితురాళ్ళు చావనివ్వరు, గోడ బద్దలుకొడతారు. ఆకాశంలోంచి తెల్లటి బట్టల్లో మడోకా దేవతగా దిగివస్తుంది, తీసుకుపోవడానికి చెయ్యి చాపుతుంది.

హోమురా ఆ మణికట్టు పట్టుకుంటుంది. వదలదు. దేవతలోంచి మనిషిని చీల్చి బయటికి లాగుతుంది.

ఇదేమిటని క్యూబే అడుగుతాడు. ఆశ కన్నా వేడిది, నిరాశ కన్నా లోతుది అంటుంది. ప్రేమ. దేవతనే కిందికి లాగిన తనని ఇక దెయ్యం అనడమే సరైనదని తనకి తనే పేరు పెట్టుకుని కొత్త లోకం కడుతుంది. ఆ లోకంలో మడోకా మామూలు బడిపిల్ల, అమెరికా నుంచి తిరిగొచ్చి కొత్తగా చేరింది. అమ్మానాన్నలు ఉన్నారు. చక్ర నియమం తీసుకుపోయిన స్నేహితురాలు సయాకా బతికొచ్చింది, అలాగే పోయిన చిన్నారి నగిసా బతికొచ్చింది. లోకంలోని శాపాలన్నీ మోసే కూలీపని క్యూబేకి పడింది. ఆ మాట వినగానే చప్పట్లు కొట్టాలనిపించిందని సినిమాని తిట్టేవాళ్ళే ఒప్పుకుంటారు. ఒక్కటే లోటు. ఎవరికీ నిజం గుర్తులేదు, గుర్తురాకుండా హోమురా చూసుకుంటోంది.

మడోకా ఏమంది?

గొడవంతా పిండితే మిగిలేది ఇదే. మడోకా మేలు కోసం చేశానని హోమురా అంటోంది, మరి మడోకాకి ఇష్టమేనా? విచిత్రం ఏమిటంటే మడోకా ఈ విషయంలో ఒకసారి కాదు, చాలాసార్లు వాంగ్మూలం ఇచ్చింది. అన్నీ ఒక్కమాట మీద నిలవవు.

మొదటిది సీరియల్ పదో ఎపిసోడ్లో. పాడుబడ్డ ఊళ్ళో ఇద్దరూ వాన నీళ్ళలో పడి ఉన్నారు, రెండు రత్నాలూ నల్లబడుతున్నాయి. రత్నం నలుపు పోగొట్టే మందు ఒక్కటే మిగిలితే, దాన్ని మడోకా హోమురాకి వాడేసి అడుగుతుంది: నువ్వు వెనక్కి వెళ్ళగలవు కదా, క్యూబే చేతిలో మోసపోకముందు ఉన్న తెలివితక్కువ నన్ను కాపాడవా? ఇంకో కోరిక కూడా కోరుతుంది, మంత్రగత్తె కాకముందే నన్ను చంపెయ్యమని. హోమురా మాట ఇస్తుంది, తుపాకీ పేలుస్తుంది. జడలు విప్పేసింది, కళ్ళజోడు తీసేసింది ఆ తర్వాతే. ఆ మాట ప్రకారం చూస్తే సీరియల్ ముగింపు హోమురాకి ఓటమి. మడోకా సంతకం పెట్టేసింది కదా.

రెండోది ఆ సంతకమే. ధర తెలిసి, వద్దని ఏడ్చే స్నేహితురాలిని చూసి, అయినా పెట్టింది. కోర్టుకి వెళ్తే నిలిచేది ఇదే. సినిమాని తిట్టేవాళ్ళ బలమంతా ఇక్కడుంది: ఒక పిల్ల ఒళ్ళంతా తెలివితో తీసుకున్న నిర్ణయాన్ని ఇంకో పిల్ల తన బెంగ తీర్చుకోవడానికి రద్దు చేసింది. మూడు నెలలపాటు ఆ నిర్ణయం కోసమే మనల్ని సిద్ధం చేసి, రెండేళ్ళ తర్వాత కాదనడం ఏమిటి?

మూడోది సినిమాలో, పూలతోటలో. అది కల లోపల. తను దేవతనన్న సంగతి మడోకాకి గుర్తులేదు. నువ్వు నాకు అందనంత దూరం వెళ్ళిపోయినట్టు, నేను తప్ప అందరూ నిన్ను మర్చిపోయినట్టు కలగన్నానని హోమురా ఏడుస్తుంది. మడోకా ఆ జుట్టు అల్లుతూ, అలాంటి పని నేను చెయ్యలేను, అందరినీ వదిలి ఒంటరిగా ఉండటం నా వల్ల కాదు అంటుంది. హోమురాకి గుండె ఆగినంత పనవుతుంది. అంటే ఆ రోజు అంత బాధని దిగమింగి వెళ్ళిందా? ఎలాగైనా ఆపాల్సింది నేనే కదా?

సినిమా మొత్తం ఈ మూడు నిమిషాల మీద నిలబడి ఉంది. రాతలో ఉన్న లోపం కూడా నా లెక్కలో ఇదే. ఆ తర్వాత వరుసగా పోరాటాలు, రహస్యాలు వచ్చి మీద పడతాయి. మొదటిసారి చూసేవాడికి పూలతోట మాటలు మెత్తగా, ఓదార్పుగా వినిపించి జారిపోతాయి. అందుకే చివర్లో మణికట్టు పట్టుకోగానే హోమురాకి ఉన్నట్టుండి పిచ్చెక్కిందని అనిపిస్తుంది. పది నిమిషాల ముందు మడోకా కోసం చావబోయిన పిల్ల ఇంతలో ఇలా ఎలా మారిందని అడిగేవాళ్ళది మూర్ఖత్వం కాదు. మొదటిసారి నేనూ విసుక్కుని ల్యాప్‌టాప్ మూసేశాను. రెండోసారి చూసినప్పుడు ఆ జడ అల్లే సీనులో హోమురా కళ్ళు ఎప్పుడు మారాయో కనిపించింది.

మూడో వాంగ్మూలం చెల్లుతుందా? జ్ఞాపకం లేని మనిషి మాటని ఎలా లెక్కలోకి తీసుకుంటాం అంటారు ఒకరు. ఆ జవాబు మారితే ఎందరు పిల్లలు మంత్రగత్తెలవుతారో ఆవిడకి ఆ తోటలో ఎవరూ చెప్పలేదు. చెప్పుంటే మళ్ళీ వెళ్ళేదే. జ్ఞాపకం లేదు కాబట్టే అది అసలు మనసు, మొహమాటం లేని మాట అంటారు ఇంకొకరు. నాకు మొదటి వాదనే బరువుగా తోస్తుంది. కానీ హోమురా దాన్ని ఎందుకు నమ్మిందో కూడా అర్థమవుతుంది. మూడో మాట మొదటి మాటతో కలుస్తోంది. తను ఇచ్చిన మాటతో కలిసేదాన్నే మనిషి వింటాడు.

నాలుగోది సినిమా చివర, బడి వరండాలో. క్రమశిక్షణ ముఖ్యమా, కోరిక ముఖ్యమా అని హోమురా అడుగుతుంది. నియమాలు పాటించడం ముఖ్యమనుకుంటాను, ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు తెంపేస్తే బాగుండదు అంటుంది ఏమీ తెలియని మడోకా. అయితే ఏదో ఒకరోజు నువ్వు నాకు శత్రువవుతావేమో అంటుంది హోమురా. జ్ఞాపకం లేని మడోకాయే సాక్షి అనుకుంటే ఈ సాక్ష్యమూ తీసుకోవాలి మరి. పూలతోట మాట చెల్లి, వరండా మాట చెల్లకపోవడం కుదరదు.

ఇంకోటి మిగిలింది. హోమురా పక్షం వాళ్ళు దీన్ని లెక్కలోకి తేవడం నేను పెద్దగా చూడలేదు. మణికట్టు పట్టుకున్న ఆ క్షణంలోనే దేవత అరుస్తుంది: వద్దు హోమురా, నేను చీలిపోతాను. అంతకన్నా తేటతెల్లంగా వద్దనడం ఎవరికీ సాధ్యం కాదు.

కాబట్టి హోమురా చేసింది తప్పా అంటే, తప్పే. సినిమాకీ ఆ సంగతి తెలుసు. తెలియకపోతే ఆమె నోటే దెయ్యం అనే మాట చెప్పించదు. సినిమాని మెచ్చుకోవడానికి హోమురా ఒప్పు చేసిందని వాదించాల్సిన పని లేదు. చాలామంది అభిమానులు ఆ గుంటలో అనవసరంగా దిగి పోట్లాడుతున్నారు. తన ఆరాధ్యదైవాన్ని తులాభారంలో పెట్టేసి తర్వాత నెత్తి కొట్టుకున్న సత్యభామని మనం తప్పుపడతాం, అయినా కలాపం అంతా ఆవిడ పేరు మీదే ఆడతాం.

దెయ్యం వెనక ఎవరు

ఈ ముగింపు ఉరోబుచి మొదట అనుకున్నది కాదు. ఆయన ఆలోచనలో మడోకా వచ్చి హోమురాని తీసుకుపోవడంతో కథ అయిపోతుంది, ఇద్దరూ కలుస్తారు. నిర్మాణం వైపు నుంచి కథ ముందుకు సాగేలా ఉండాలన్న కోరిక ఉంది. ఎటూ తోచక ఉన్నప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెడితే ఎలా ఉంటుందన్న షింబో సూచన దారి చూపించిందని ఉరోబుచి చెప్పుకొచ్చాడు. ఈ సంగతి తెలిశాక తిట్టేవాళ్ళకి ఇంకో కర్ర దొరికింది: చూశారా, డబ్బు కోసం ముగింపు మార్చారు.

డబ్బు వచ్చిన మాట నిజమే. జపాన్‌లో వసూళ్ళు 200 కోట్ల యెన్లు దాటాయి. అర్ధరాత్రి సీరియల్ నుంచి పుట్టిన సినిమా అంత రాబట్టడం అప్పటికి అదే మొదలు. కానీ కేవలం గల్లాపెట్టె కోసమైతే తేలిక దారి ఒకటుంది, సినిమా మొదటి అరగంటే ఆ దారి. అయిదుగురు పిల్లలు, కేకు పాట, బొమ్మలు, మగ్గులు. దాన్ని తీసి చూపించి, ఇది ఒంటరి పిల్ల కంటున్న కల అని చెప్పి పగలగొట్టిన సినిమా ఇది. ఇంకొంచెం ఆ పిల్లల్ని చూడాలని టికెట్ కొనుక్కున్నవాళ్ళని చూసి, మీరూ హోమురా కోరుకున్నదే కోరుకుంటున్నారు కదా అంటుంది. కొందరికి కోపం అందుకే వచ్చిందని నా అనుమానం.

ప్రేమ అన్న మాట మీద ఇంకో తగవుంది. ఇద్దరమ్మాయిల మధ్య ప్రేమ కథల్ని జపాన్లో యూరి అంటారు. అనిమేలో చాలాసార్లు అది చూపుల్లో, సూచనల్లో ఆగిపోతుంది. ఇక్కడ హోమురా ప్రేమ అనే మాటని గొంతెత్తి, విశ్వం బద్దలయ్యేలా అంది. ఆ సాహసం కోసమే సినిమాని గుండెకి హత్తుకున్నవాళ్ళున్నారు. అదే సీను చూసి, ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించానని చెప్పిన మరుక్షణం ఆవిడ్ని దెయ్యం చేశారేమిటని నొచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. వీళ్ళ బాధకి సినిమాలో జవాబు లేదు. ప్రేమ అనే మాటకి అర్థం హోమురా కూడా చెప్పలేదు. చెప్పకుండానే క్యూబే చెవులు పిండింది.

తర్వాతి సంగతి ఓపికకి పరీక్ష. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు, ఇక యుద్ధమే అని చెప్పి సినిమా ఆగింది. తర్వాతి సినిమా ‘వాల్పుర్గిస్నాఖ్ట్: రైజింగ్’ వస్తుందన్న ప్రకటన 2021 ఏప్రిల్లో, సీరియల్ పదేళ్ళ పండగకి గాని రాలేదు. ఆ తర్వాత విడుదల ఒకసారి కాదు, పలుమార్లు వాయిదా పడింది. నచ్చనివాళ్ళకి ఆ ముగింపు ఇన్నేళ్ళూ కొట్టేయలేని ఆఖరి మాటగా మిగిలిపోయింది. నచ్చినవాళ్ళకి సగంలో ఆగిన వాక్యం. దాంతో వాదన చల్లారే వీలే లేకపోయింది. తీర్పు చెప్పాల్సినవాళ్ళు ఊరెళ్ళిపోతే పంచాయితీ ఎలా తెగుతుంది?

పేర్లన్నీ పడ్డాక ఒక చిన్న సీనుంది. ఆకాశంలో సగానికి నరికినట్టున్న చందమామ. ఒళ్ళంతా కమిలిపోయిన క్యూబే వణుకుతూ పడి ఉంటాడు. హోమురా ఒక్కతే నాట్యం చేసి, కొండ అంచు మీంచి కావాలనే ఒరిగి పడిపోతుంది. గెలిచినవాళ్ళ వాలకం కాదది. అయినా నేను మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూసేది దానికి కాస్త ముందున్న వరండా సీను. సీరియల్ చివర దేవత తీసి ఇచ్చిన ఎర్ర రిబ్బన్, మడోకా అనే పిల్ల ఒకప్పుడు ఉండేదనడానికి లోకంలో మిగిలిన ఒకే ఒక్క రుజువు, హోమురా తన జుట్టులోంచి విప్పుతుంది. ఎదురుగా నిలబడ్డ పిల్ల తలకి కడుతుంది. నీకే ఇది బాగా నప్పుతుంది అంటుంది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. మడోకాకి ఏమీ అర్థం కాదు, రిబ్బన్ మాత్రం సరిగ్గా నప్పింది.